దెబ్బ తిన్న కుందేలుకు మొదటి 12 గంటల్లో అందాల్సిన వైద్యం: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇళ్లలో పెంచుకునే కుందేళ్లకు దెబ్బ తగిలినప్పుడు సామాన్యులు భరించగలిగే ఖర్చులో వైద్యం అందేలా చూడమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. మేము కుందేళ్ల వైద్యంలోనూ సంరక్షణలోనూ పనిచేసేవాళ్లం. కొత్త ఆసుపత్రులు కట్టమనడం లేదు. ఉన్న పశువైద్యశాలల్లోనే ఒక మందుల పెట్టె, గోడకు ఒక కాగితం, రుసుముల పట్టికలో కుందేలు పేరుతో కొన్ని వరుసలు ఉంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి. అదెలాగో చెప్పాలంటే ముందు కుందేలు ఒంటి తీరు గురించి కొంత చెప్పాలి.

దెబ్బ తిన్న కుందేలు చాలాసార్లు దెబ్బతో పోదు, మేత మానేసి పోతుంది. వేటాడే జంతువుల కంట పడకుండా బతకాల్సిన ప్రాణి కాబట్టి నొప్పిని బయటపెట్టదు. ఒక మూలకు చేరి, కళ్లు సగం మూసుకుని, పళ్లు కొరుకుతూ ముడుచుకు కూర్చుంటుంది. చూసేవాళ్లు భయపడిందిలే, తేరుకుంటుందిలే అనుకుంటారు. ఈలోగా లోపల వేరే కథ నడుస్తుంది. కుందేలు పేగులు పీచు మేత వస్తూ ఉంటేనే సరిగ్గా కదులుతాయి. మేత ఆగితే కదలిక మందగిస్తుంది, లోపలున్నది నీరింకి గట్టిపడుతుంది, అంధనాళంలోని (పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలోని) సూక్ష్మజీవుల పొందిక చెడి గ్యాసు చేరుతుంది. ఆ గ్యాసు నొప్పికి మేత మీద ఇంకా విముఖత పెరుగుతుంది. వాంతి చేసుకునే వీలు కూడా కుందేలుకు లేదు. అందుకే 12 గంటలపాటు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా దాన్ని అత్యవసర కేసుగా చూడాలి. అలాగే వదిలేస్తే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. లావుగా ఉన్న కుందేళ్లలో ఇది మరీ త్వరగా జరుగుతుంది.

ఖర్చు తేలేది కూడా ఈ గంటల్లోనే. మొదటి పూటే వస్తే ఒక నొప్పి ఇంజెక్షన్, చర్మం కింద కాస్త సెలైన్, ఒళ్లు వెచ్చబరచడం, సిరంజితో మేత పట్టించడం ఎలాగో యజమానికి చూపించడం, చాలావాటికి ఇంతే. మూడో రోజు వస్తే ఆసుపత్రిలో చేర్చి రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాలి, అప్పటికీ బతుకుతుందన్న నమ్మకం ఉండదు. ఎక్కువమంది మూడో రోజు రావడానికి కారణం నిర్లక్ష్యం కాదు. ఎక్కడికి వెళ్లాలో తెలియదు, వెళ్తే ఎంతవుతుందో తెలియదు, వెళ్లాక ‘మా దగ్గర కుందేళ్లను చూడం’ అంటారేమో తెలియదు.

చూసే చోట కూడా కుందేలును చిన్న కుక్కపిల్లలా లెక్కగట్టి చూస్తే నష్టమే ఎక్కువ. అన్నిటికంటే ప్రమాదం యాంటీబయాటిక్ విషయంలో జరుగుతుంది. గాయం కనబడగానే చేతికందేది అమాక్సిసిలిన్. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కుందేలు అంధనాళంలోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం అనే హానికర బ్యాక్టీరియా పెరిగి విషం విడుదల చేస్తుంది. గాయం మానేలోపే విరేచనాలతో ప్రాణం పోతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా మందులు, అవసరాన్ని బట్టి మెట్రోనిడజోల్ కుందేళ్లకు వాడుకలో ఉన్నవే, అరుదైనవీ కావు. పెన్సిలిన్‌ను చర్మం కింద ఇంజెక్షన్‌గా వైద్యులు కుందేళ్లకు వాడతారు. అదే మందును నోట్లో వేయకూడదు. ఈ తేడా గోడ మీద పెద్దక్షరాల్లో ఉండాలి. దాని పక్కనే ఫిప్రోనిల్ పేరూ ఉండాలి. కుక్కలకు గోమార్ల కోసం వాడే ఆ చుక్కల మందు కుందేలుకు విషం.

నొప్పి మందు సంగతి దీనికి తలకిందులు. అక్కడ ఇవ్వకూడనిది ఇస్తున్నారు, ఇక్కడ ఇవ్వాల్సినంత ఇవ్వడం లేదు. మెలాక్సికామ్ అనే నొప్పి మందును కుందేలు ఒళ్లు త్వరగా బయటకు పంపేస్తుంది. కుక్కకు రోజూ ఇచ్చే మోతాదు కిలోకు 0.1 మిల్లీగ్రాము. కుందేలుకు మామూలుగా 0.3 నుంచి 0.6 దాకా, తీవ్రమైన నొప్పికి 1 మిల్లీగ్రాము దాకా వైద్యులు ఇస్తారు. రెండు కిలోల కుందేలుకు కుక్క లెక్కన ఇస్తే 0.2 మిల్లీగ్రాములే అందుతుంది, నొప్పి తగ్గదు, మేత ముట్టదు. ‘మందు ఇచ్చినా తినలేదు’ అని కేసు వదిలేసే చోట చాలాసార్లు జరిగింది ఇదే. ఒంట్లో నీరు తగ్గి ఉంటే ముందు సెలైన్ ఎక్కించాకే ఈ మందు ఇవ్వాలి, లేకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎముక విరిగిన కేసుల్లో దీనికి తోడు ఇంకా బలమైన నొప్పి మందు బుప్రెనార్ఫిన్ అవసరమవుతుంది. నియంత్రిత ఔషధం కాబట్టి చిన్న పశువైద్యశాలల్లో ఉండదు. కనీసం పెద్దాసుపత్రుల్లోనైనా దాన్ని ఉంచడానికి అనుమతి, రిజిస్టరు ఏర్పాటు చేయాలి. స్టెరాయిడ్ల జోలికి మాత్రం పోకూడదు, కుందేలులో అవి రోగనిరోధక శక్తిని బాగా దెబ్బతీస్తాయి.

ఇక మందుల పెట్టె. అందులో గ్రాముల్లో చూపే తూకం ముందుండాలి, ఎందుకంటే పై లెక్కలన్నీ బరువు మీదే ఆధారపడ్డాయి. ఆవులను తూచే కాటా మీద కుందేలు బరువు సున్నా! 1 మిల్లీలీటరు సిరంజీలు కొన్ని, 5 మిల్లీలీటర్లవి కొన్ని, థర్మామీటరు, వేడినీళ్ల సంచి, మెలాక్సికామ్ సీసా, ఎన్రోఫ్లాక్సాసిన్, సెలైన్, పలుచని దూది పొరలు, మెత్తని కట్టుగుడ్డ, సిరంజితో పట్టించడానికి గడ్డి పొడితో చేసిన మేత. ఆ మేత లేకపోతే కుందేళ్ల గుళికలను పొడి చేసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టినా పని జరుగుతుంది. రెండు కిలోల కుందేలుకు రోజుకు సుమారు 100 మిల్లీలీటర్లు, నాలుగైదు విడతలుగా పట్టాలి. సిరంజిని ముందుపళ్ల వెనకనుండే ఖాళీలోంచి పక్కగా పెట్టి, ఒక్కో మిల్లీలీటరు చొప్పున, నమిలి మింగేదాకా ఆగుతూ ఇవ్వాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్ట బిగుసుకుని ఉబ్బి ఉంటే అసలు పట్టకూడదు, పేగు అడ్డుపడిందేమో ముందు వైద్యుడు చూడాలి.

థర్మామీటరుకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, కుందేలు మామూలు వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. 38 కన్నా తగ్గిందంటే పరిస్థితి విషమిస్తోందని అర్థం. చల్లబడ్డ కుందేలుకు ముందు వెచ్చదనం, తర్వాతే మిగతా పనులు. సెలైన్ కూడా ఒంటి వేడికి తెచ్చే ఎక్కించాలి. రక్తం పోయిన కేసులో తొందర ఇంకా ఎక్కువ. రెండు కిలోల కుందేలులో మొత్తం రక్తమే 110, 120 మిల్లీలీటర్లు. నేల మీద అయిదు చెంచాల రక్తం కనిపిస్తే మనకు కొంచెమే అనిపిస్తుంది, దానికది అయిదో వంతు.

సిబ్బందికి నేర్పాల్సింది మందులకన్నా ముందు పట్టుకోవడం. కుందేలు ఒంటి బరువులో ఎముకల వాటా 7, 8 శాతమే. పిల్లిలో అది 12, 13 శాతం ఉంటుంది. వెనక కాళ్ల కండరాలేమో చాలా బలమైనవి. నడుముకు ఆసరా లేకుండా ఎత్తితే అది తన్నే తన్నుకే నడుం దగ్గర వెన్నెముక విరుగుతుంది. అంటే కాలి గాయంతో వచ్చిన కుందేలు పరీక్ష బల్ల మీదే నడుం విరగ్గొట్టుకోవచ్చు. చెవులు పట్టి ఎత్తకూడదు. ఒక చేయి ఎద కింద, ఒక చేయి పిరుదుల కింద ఉండాలి. బల్ల మీద జారని తువ్వాలు పరవాలి. కుక్కలు మొరిగే గదిలో దాన్ని వేచి ఉంచకూడదు. ఒక పూట శిక్షణ చాలు, దీనికి బడ్జెట్ అడ్డం చెప్పడం కుదరదు.

కుక్క, పిల్లి కరిచిన గాయాలు చిన్న రంధ్రంలా కనిపిస్తాయి, అసలు నష్టమంతా లోపల ఉంటుంది. కుందేలు చీము జారదు, ముద్దలా గట్టిగా ఉంటుంది. గడ్డకు గాటు పెట్టి పిండితే మళ్లీ నిండుతుంది. పొరతో సహా కోసి తీయాలి. గాయం కడగడానికి స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, లీటరు కాచి చల్లార్చిన నీటికి 9 గ్రాముల ఉప్పు సరిపోతుంది. వేడి కాలంలో గాయం మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోపే పురుగులు పడతాయి, కాబట్టి రోజుకు రెండుసార్లు వెనక భాగం కూడా తిప్పి చూడాలి.

విరిగిన కాలికి రెండు కోణాల్లో ఎక్స్‌రే తప్పదు. బరువైన పిండికట్టు వేస్తే దాన్ని ఈడ్చుకుంటూ కీలు దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది, లేదా కొరికేసుకుంటుంది. మెడకు గరాటు పట్టీ వేస్తే తన మెత్తని పెంటికలను తినలేదు, అవి దాని పోషణలో భాగం. కొన్ని విరుగుళ్లకు తేలికపాటి కట్టు, ఇరుకు గూటిలో నాలుగు నుంచి ఆరు వారాల విశ్రాంతి సరిపోతాయి. మిగతావాటికి ఆపరేషన్ కావాలి, అక్కడే మత్తు సమస్య. బ్రిటన్‌లో జరిగి 2008లో ప్రచురితమైన పెద్ద పరిశీలనలో మత్తు సంబంధిత మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం ఉంటే కుందేళ్లలో 1.39 శాతం ఉన్నాయి. అప్పటికే జబ్బుతో ఉన్న కుందేళ్లలో అది 7.37 శాతం. ఆ మరణాల్లో ఎక్కువ భాగం ఆపరేషన్ ముగిశాకే జరిగాయి. మత్తు దిగేదాకా వెచ్చగా ఉంచి పక్కనే ఒక మనిషి కూర్చుంటే తగ్గించగలిగినవి వాటిలో చాలా ఉంటాయి. ‘రాత్రి నుంచి ఏమీ పెట్టకండి’ అనే అలవాటు మాటను కుందేలు యజమానికి చెప్పకూడదు, మత్తుకు గంట రెండు గంటల ముందు దాకా గడ్డి ఉండాల్సిందే.

డబ్బు విషయానికి వస్తే మా విన్నపం ఇది. రుసుముల పట్టికలో కుందేలు పేరు లేకపోతే ప్రతి చోటా ఒక ధర పలుకుతుంది. మొదటి పరీక్ష, నొప్పి ఇంజెక్షన్, సెలైన్ కలిపి ఒకే ప్రథమ చికిత్స రుసుము పెట్టండి. అది తక్కువగా ఉండాలి, డబ్బు తర్వాత తెస్తామన్నా చికిత్స ఆగకూడదు. ఆ తర్వాతి ఖర్చును వైద్యుడు దశలుగా కాగితం మీద రాసివ్వాలి: ఈ రోజు తప్పనిసరి ఏది, రేపటి దాకా ఆగగలిగేది ఏది, ఆపరేషన్ వద్దనుకుంటే ఉన్న దారి ఏది. యజమానులు చాలామంది వెనుదిరిగేది మొత్తం ఖర్చు ఒక్కసారే విన్నప్పుడు. ఆపరేషన్ ఖర్చుకు వాయిదాలు, పేద కుటుంబాలకు రాయితీ, కొన్ని పశువైద్యశాలలకు కలిపి కుందేళ్లకు ఆపరేషన్ చేయగల ఒక పెద్దాసుపత్రి పేరు ముందే ఖరారై ఉండాలి. పశువైద్య కళాశాలల ఆసుపత్రులు దీనికి అనువైనవి, విద్యార్థులకు కేసులూ దొరుకుతాయి. నడుం విరిగి, వెనక కాలి వేళ్లు గట్టిగా నొక్కినా నొప్పి తెలియని స్థితిలో ఉన్న కుందేలును బాధ లేకుండా నిద్రపుచ్చే ఇంజెక్షన్ కూడా ఆ పట్టికలోనే ఉండాలి. డబ్బు లేక ఆ దయ కూడా దక్కకపోవడం చాలా ఘోరం.

ఇప్పటికే మీ శాఖకు టెలిఫోన్ సలహా కేంద్రం ఉంటే అక్కడ కూర్చునేవాళ్లకు ఈ నాలుగు మాటలు రాసివ్వండి: రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు తీయకుండా నొక్కండి. మనుషుల నొప్పి మాత్రలు వేయకండి. తువ్వాలు పరిచిన చీకటి పెట్టెలో గడ్డితో సహా ఉంచి తీసుకురండి. చివరిసారి ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు పెంటికలు వేసిందో గుర్తుపెట్టుకుని వైద్యుడికి చెప్పండి.

అన్నీ ఒకేసారి కుదరకపోతే గోడ కాగితంతో, గ్రాముల తూకంతో మొదలుపెట్టండి. మందుల మోతాదులతో ముసాయిదా మేము రాసిస్తాం. మీ శాఖ వైద్యనిపుణులు దాన్ని సరిచూసి, దిద్ది, సంతకం చేసి అన్ని పశువైద్యశాలలకూ పంపితే చాలు.

ఇట్లు,
కుందేళ్ల వైద్యంలో, సంరక్షణలో పనిచేస్తున్నవాళ్లం