తొట్టి మూత తీసి చూడు

తిరుపతి,
ఆదివారం.

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను వచ్చి ఇరవై మూడు రోజులైంది. పని ఎక్కువగా ఉందని నువ్వు పంపిన సందేశం చూశాను కాబట్టి ఆ సంగతి ఎత్తను. మన పెరట్లో వానపాముల తొట్టి బాగుంది. పోయినవారం ఎరువు తీస్తే టీపొడిలా నల్లగా, పొడిపొడిగా నాలుగు చేటలయింది. మీ నాన్న మల్లెపాదుకూ కరివేపాకు చెట్టుకూ వేశారు.

మొన్న శుక్రవారం మీ చిన్నత్త వచ్చింది. బెంగళూరులో నీ దగ్గరికి వచ్చివెళ్లిన వాళ్ల పెద్దవాడు చెప్పాడంటూ, నీ వానపాముల తొట్టి బాల్కనీ మూలన మూత బిగించి ఉందనీ, దగ్గరికి పోతే పులిసిన వాసన వస్తోందనీ, ఇంటివాళ్లు ఏదో అన్నారనీ చెప్పింది. విన్న మాటలన్నీ నమ్మే మనిషిని కాను. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను చంద్రగిరి తోట నుంచి పంపిన బుట్టెడు బెంగళూరా మామిడికాయల తొక్కలన్నీ ఒకేసారి అందులో వేశావేమోనని నా అనుమానం. తీపి తొక్క ఒక్కసారిగా కుమ్మరిస్తే పులుస్తుంది, వేడెక్కుతుంది, చిన్న ఈగలు ముసురుతాయి. బుట్ట కట్టేటప్పుడే ఆ మాట చెప్పవలసింది, మరిచాను. అలా జరిగి ఉంటే తప్పు నీది కాదు, తొట్టిని పారవేయవలసిన అవసరమూ లేదు. పులిసిన తొక్కలు చేత్తో ఏరి తీసెయ్యి. చింపిన పాత పేపర్లు, అట్టముక్కలు, ఎండుటాకులు కలిపి, మూతకు బదులు గోనెపట్ట కప్పి రెండు రోజులు గాలి ఆడనియ్యి. వానపాము తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. నీళ్లు నిలిచి గాలి అందకపోతే దానికి ఊపిరాడదు. ఆ వాసన కూడా గాలి తగలక కుళ్లడం వల్ల వచ్చేదే. లోపలి పొరను గుప్పెట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంతకు మించి కారకూడదు. ధారగా కారితే అడుగు రంధ్రాలు పూడాయేమో పుల్లతో పొడిచి చూడు. జల్లు కొట్టే చోటు నుంచి తొట్టిని లోపలికి జరుపు.

ఊరు మారినందుకు పురుగులు చచ్చిపోయాయని మాత్రం అనుకోవద్దు. యూడ్రిలస్ అనే ఆఫ్రికా రకం మన వేడికి ఓర్చుకుంటుంది గాని చలికి ఆగదు. అందుకే నీకు ఐసీనియా రకం ఏరి ఇచ్చాను. దానికి పదిహేను నుంచి ఇరవై ఐదు డిగ్రీల చల్లదనం హాయి, ముప్పై ఐదు దాటితే కష్టం. తిరుపతి మే నెల ఎండలో తడి గోనెపట్టల కింద వాటిని కాపాడుకుంటూ వచ్చిన నాకు, బెంగళూరులో అవి బతకవంటే నమ్మకం కలగదు.

2022లో నేను మొదటి తొట్టి పెట్టినప్పుడు జరిగింది నీకు ఎన్నడూ చెప్పలేదు. పక్కవీధి రాజమ్మక్క తన సిమెంటు తొట్టిలోనుంచి అరకిలో పురుగులు ఇచ్చింది. బలమైన తిండి పెడదామని కొట్టం నుంచి రెండు గంపల పచ్చిపేడ తెప్పించి, అదే సాయంత్రం అందులో నింపి, వాటిని పైన వదిలాను. తెల్లవారి చూస్తే తొట్టి అంచు చుట్టూ ఎర్రటి దారాలు అంటించినట్టు వేలాడుతున్నాయి. కిందపడ్డవి గచ్చు మీద ఎండి బిగుసుకుపోయాయి, గోడ వెంట చీమలు బారు కట్టాయి. లోపల చెయ్యి పెడితే అన్నం వార్చిన గిన్నెంత వేడి. మీ అవ్వ ఒక్క మాటా అనకుండా కింద కూర్చుని, తడిపిన అరిటాకు ముక్కతో బతికున్నవాటిని ఒక్కొక్కటే ఎత్తి ముంతలోని తడిమట్టిలో వేసింది. ఎండెక్కేదాకా అదే పని. నేను మీ నాన్నకు మూడు రోజులు చెప్పలేదు, రాజమ్మక్క ఎదురుపడితే నెల రోజులు పక్క సందులోంచి తిరిగాను. చివరికి ఆమే ఇంటికి వచ్చి, తొట్టి చూసి, "పేడను నీడన పరిచి, నీళ్లు చల్లి పదిహేను రోజులు చల్లారబెట్టు, పురుగులు మళ్లీ ఇస్తాను" అని వెళ్లిపోయింది. చీమలు ఎక్కకుండా తొట్టి కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. నీ తొట్టి కింద పళ్లాల్లో నీళ్లున్నాయా?

ఇంకొక సంగతి. నీ దగ్గరున్న అరకిలో పురుగులు బాగా కుదురుకుంటే రోజుకు పావుకిలో దాకా తింటాయి. మొదట్లో అందులో సగం చాలు. కూరగాయల తొక్కలు, వడగట్టిన టీపొడి, పొడి చేసిన గుడ్డు పెంకులు వెయ్యవచ్చు. నిమ్మతొక్క, ఉల్లిపొట్టు, మిరపకాయలు, ఉప్పు, నూనె, పెరుగన్నం పడవు. వాటికి పెట్టడానికి ఇంట్లో తొక్కలుండాలి, తొక్కలుండాలంటే పొయ్యి వెలగాలి. నీ వంటింట్లో మామిడితొక్కలు తప్ప మరేమీ దొరకడం లేదేమో, రెండు పూటలా హోటలు తిండేనేమో అని అడుగుదామనుకున్నాను. బీరకాయ కూర వండుకోవడానికి అరగంట పట్టదు. తొక్క పచ్చడికి కొంత, తొట్టికి కొంత.

వచ్చే ఆదివారం చిన్నాయన పొద్దుటి బస్సుకు వస్తున్నాడు. రెండు దోసిళ్ల పురుగులను తడి కొబ్బరిపొట్టులో కలిపి, మూతకు రంధ్రాలు పెట్టిన డబ్బాలో పంపుతాను. మొగిలి ఘాటు దిగేదాకా ఎండ తగలకుండా ఒళ్లో పెట్టుకోమన్నాను. ఆ సంచిలోనే చింతపండు, ఉలవలు, చెనక్కాయల పొడి ఉంటాయి. అంతదాకా ఆగకుండా, ఈ ఉత్తరం అందిన రాత్రే తొట్టి మూత తీసి దీపం చూపించు. వెలుగు పడగానే లోపలికి జరిగాయంటే బతికున్నట్టే. పసుపురంగులో, నిమ్మకాయ ఆకారంలో ఆవగింజకంటే కాస్త పెద్ద గుడ్లు కనబడితే వాటిని కదిలించవద్దు, మూడు వారాల్లో పిల్లలు వస్తాయి. ఒక్కటీ కనబడకపోయినా సరే, చూసినది చూసినట్టు ఫోను చేసి చెప్పు. నేను పదిన్నర దాకా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
అమ్మ