వార్షిక నివేదిక: పాత స్క్రిప్టుల మరమ్మతు

సభ్యులందరికీ నమస్కారం.

సభ్యత్వ కార్డులు, చందా రసీదులు, సంచికల విషయసూచిక తయారుచేసే మన స్క్రిప్టులన్నీ (కంప్యూటరుతో ఈ పనులు చేయించే చిన్న ప్రోగ్రాములు) పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ 2.7లో రాసినవి. పైథాన్ 3 2008 డిసెంబరులోనే వచ్చినా, పాతదానికి మద్దతు 2020 జనవరి 1న ముగిసినా, కార్యాలయంలోని కంప్యూటరు నడుస్తోంది కదా అని మనం వాటి జోలికి పోలేదు. ఈ ఏడాది ఆ కంప్యూటరు మార్చగానే అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఈ జాప్యానికి కార్యవర్గమే బాధ్యత వహిస్తోంది.

ప్రింట్ అనే ఆదేశం తర్వాత బ్రాకెట్లు లేకపోవడం, ఎక్స్‌రేంజ్ వంటి పాత ఆదేశాల పేర్లు మిగిలిపోవడం వల్ల ఆగినవాటిని పాత పైథాన్ ప్రోగ్రాములను పైథాన్ 3కు మార్చే టూ-టు-త్రీ అనే పనిముట్టు చాలావరకు సరిచేసింది. పైథాన్ 3.13లో దాన్ని తొలగించారు కనుక, అంతకు ముందరి వెర్షన్‌తో ఆ పని చేయించాము.

అసలు కష్టం ఏ లోపమూ చూపకుండా నడిచిన స్క్రిప్టులతో వచ్చింది. 7ను 2తో భాగిస్తే పాత పైథాన్ 3 అనేది, కొత్తది 3.5 అంటుంది, 2.5ను పూర్ణాంకానికి సవరించమంటే పాతది 3 ఇచ్చేది, కొత్తది దగ్గరి సరిసంఖ్య అయిన 2 ఇస్తుంది. రసీదుల్లో ఈ తేడాను కంటితో పట్టుకోవడం కష్టం. అందుకే గత సంవత్సరపు వివరాలనే కొత్త స్క్రిప్టులకు ఇచ్చి, వచ్చిన రసీదులను దాచి ఉంచిన పాత రసీదులతో వరుస వరుసనా సరిపోల్చాము.

కార్డుల విషయంలో మాత్రం పాత స్క్రిప్టే తప్పు చేస్తూ వచ్చిందని తేలింది. అది పేరును 30 బైట్లకు (బైటు అంటే కంప్యూటరు నిల్వకు కొలమానం) కత్తిరించేది. అక్షరాలను బైట్లుగా నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులు కూడా విడి సంకేతాలే కాబట్టి ‘తెలుగు’ అన్న మాటకే 18 బైట్లు కావాలి. పొడవైన పేర్లు గల సభ్యులకు ఇన్నేళ్లూ తెగిన పేర్లతో కార్డులు అందినందుకు మన్నించమని కోరుతున్నాము. వారికి కొత్త కార్డులు ఇస్తాము.

అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణానికి ముందు ‘అను’ అనే పేరుగల తెలుగు ఫాంట్లలో కూర్చిన పాత సంచికలను మార్చే స్క్రిప్టు ఇంకా మిగిలి ఉంది. అది బైట్లనే అక్షరాలుగా భావించి రాసినది కాబట్టి మొదటి నుంచీ తిరిగి రాయాలి. ఆ సంచికల ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే, ముద్రిత ప్రతితో సహా కార్యదర్శికి అందజేయవలసిందిగా మనవి.