మూడు లాంతర్ల దగ్గర కలిసిన అమ్మకు

పేరు అడగలేదమ్మా, ఆ టెన్షన్‌లో. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఏడుస్తూ కూర్చున్న నన్ను పలకరించి, టీ తాగించారు. పదహారేళ్ల మా గుంటడు ఓ షాపులో ఫోన్ తీసి దొరికిపోయాడు. జైలే అని ఎవరో బెదిరించారు. బెయిల్ ఇప్పిస్తానని ఒకడు డబ్బులూ అడిగాడు.

"ఏటి తల్లీ, పద్దెనిమిది నిండని పిల్లడికి జైలేటి?" అన్నారు మీరు. మూడేళ్ల వరకు శిక్షపడే చిన్న నేరానికి, పెద్దవాళ్లతో కలిసి చేస్తే తప్ప, ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదట. స్టేషన్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితుల నివేదికతో పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకి పంపాలట. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద పెట్టిన నిబంధనలు ఇలా చెప్తాయని నాకేం తెలుసు? మీరే స్టేషన్‌కి వచ్చి, పిల్లల వ్యవహారాలు చూసే అధికారితో నెమ్మదిగా మాట్లాడారు.

బోర్డు మందలించి, కౌన్సెలింగ్‌కి వెళ్లమని వాణ్ణి ఇంటికి పంపింది. నన్నూ కూర్చోబెట్టారు. నిజం చెప్పొద్దూ, వాడికంటే నాకే ఎక్కువ అవసరమైంది.

ఇప్పుడు వాడు మళ్లీ బడికి వెళ్తున్నాడు. ఇది చదివితే ఒకసారి కనిపించండమ్మా. ఆ టీ డబ్బులు కూడా మీరే ఇచ్చారు.