ఐ-45 మీద ఆ రాత్రి మాకు పక్క లేన్ వదిలిపెట్టి వెళ్ళిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

గత శనివారం రాత్రి హ్యూస్టన్ నుంచి డాలస్ వైపు తిరిగివస్తుండగా టెక్సస్‌లోని ఐ-45 రహదారి మీద మా కారు ఆగిపోయినప్పుడు, మా నలుగురినీ క్షేమంగా ఇంటికి చేర్చినవారికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. వారిలో ముగ్గురిని నేను కళ్ళారా చూశాను, చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పగలిగాను. మిగిలినవారు ఎవరో నాకు తెలియదు. చీకట్లో మమ్మల్ని దాటిపోయిన కార్లవారు, పెద్ద ట్రక్కులవారు వారు. మాకు ఆనుకుని ఉన్న లేన్ వదిలి ఎడమవైపుకు జరిగి వెళ్ళడమే వారు చేసిన సాయం. ఆ సాయం ఎంతటిదో ఆ రాత్రి వరకు నాకు తెలియలేదు.

మా నాన్నగారు నెల క్రితం తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చారు. ఆయన ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన కోరిక మీద పేర్లాండ్‌లోని మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్ళి, సాయంత్రం దర్శనం చేసుకుని, ప్రసాదంగా ఇచ్చిన పులిహోర డబ్బాలో సర్దుకుని బయలుదేరాము. సెంటర్‌విల్ దాటి బఫలో ఊరు రాకముందు, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, డ్రైవరు వైపు వెనక టైరు పేలిపోయింది. టైర్లు మార్చవలసిన సమయం దాటిపోయిందని తెలిసి కూడా వచ్చే నెల చూద్దామని వాయిదా వేసినవాడిని నేనే, కాబట్టి ఇందులో తప్పు పూర్తిగా నాది. కారును ఎలాగో కుడి షోల్డర్ (లేన్ల పక్కన ఆగడానికి ఉండే రోడ్డు అంచు) మీదికి తెచ్చి ఆపి, హజార్డ్ లైట్లు వేశాను. నాన్నగారు మొదట అడిగిన మాట, “స్టెప్నీ ఉందిగా?” అని. ఈ మోడల్ కార్లకు స్టెప్నీ ఇవ్వరని చెప్పగానే ఆయన ఇక ఆ సంగతి ఎత్తకుండా, “అయితే ముందు పిల్లను, కోడలిని కుడివైపు నుంచి దింపు, ఎడమ తలుపు ఎవ్వరూ తీయొద్దు” అన్నారు. గార్డ్‌రైల్ (రోడ్డు పక్కనుండే ఇనుప కంచె) అవతల గడ్డి గట్టు మీద, బండ్లు వచ్చే వైపున కారుకు బాగా దూరంగా మా అందరినీ నిలబెట్టింది ఆయనే. కారు ముందు నిలబడకూడదని, వెనక నుంచి ఎవరైనా వచ్చి గుద్దితే మన కారే మన మీదికి వస్తుందని, ఆరేళ్ళ మా అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పిందీ ఆయనే.

టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు వెనకవైపు రోడ్డు సాయం కోసం 1-800-525-5555 అనే నంబరు అచ్చువేసి ఉంటుంది. నా లైసెన్సు ఇన్నేళ్ళుగా పర్సులోనే ఉన్నా ఆ నంబరును నేను చదివింది ఆ రాత్రే. ఫోన్ తీసినవారు మైలు రాయి సంఖ్య అడిగి, ట్రూపర్‌ను, అంటే రాష్ట్ర రహదారి పోలీసును, పంపిస్తున్నామని చెప్పారు. అతను వచ్చేదాకా మేము గట్టు మీద గడిపిన పాతిక నిమిషాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

అక్కడ ఒక్కో దిశకు రెండే లేన్లు, దీపాలు లేవు, వేగ పరిమితి గంటకు 75 మైళ్ళు. అంటే సెకనుకు 110 అడుగులు. ఆ వేగంతో పద్దెనిమిది చక్రాల ట్రక్కు కుడి లేన్‌లో నుంచి పోతే, ఆగివున్న మా కారు పడవలా ఊగిపోయేది. గట్టు మీద మా అమ్మాయి చున్నీ ఎగిరి ముఖానికి చుట్టుకునేది. అదే ట్రక్కు ఎడమ లేన్‌లో నుంచి పోతే చప్పుడు మాత్రమే వినిపించేది, కారు కదిలేది కాదు. పన్నెండు అడుగుల వెడల్పు తేడా అంత పని చేస్తుంది. నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చే లైట్లనే చూస్తూ, కొంతసేపటికి వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. దూరంగా, అర మైలు అవతల, ఒక జత లైట్ల పక్కన ఇండికేటర్ టకటకా కొట్టుకోవడం, ఆ లైట్లు నెమ్మదిగా ఎడమకు జరగడం, దాని వెనక ట్రక్కు కూడా ఇండికేటర్ వేయడం, దాని వెనకది కూడా అలాగే జరగడం, ఇలా ఒకదాని వెనక ఒకటిగా వరుస మొత్తం పక్కకు తప్పుకోవడం ఆయన చూశారు. “ఒరే, మన కోసమేనట్రా ఇదంతా?” అని అడిగారు. అవును నాన్నా అన్నాను. పది బండ్లలో ఎనిమిది తప్పుకుంటున్నాయని, హారన్ మాత్రం ఒక్కరూ కొట్టలేదని ఆయన లెక్క తేల్చారు.

ఈ కృతజ్ఞత ఎందుకు రాయాలనిపించిందో చెప్పడానికి ఇక్కడ చట్టం సంగతి కొంత చెప్పడం అవసరం. రోడ్డు పక్కన లైట్లు వేసుకుని ఆగివున్న పోలీసు కారు, అంబులెన్సు, ఫైరింజను, ఆగిపోయిన బండ్లను తీసుకెళ్ళే టో ట్రక్కు, రహదారి శాఖ బండి వంటివి కనిపిస్తే, వాటికి ఆనుకుని ఉన్న లేన్‌ను ఖాళీ చేసి అవతలి లేన్‌లోకి జరగాలని, జరగడానికి వీలులేకపోతే వేగ పరిమితి కంటే 20 మైళ్ళు తగ్గించుకుని వెళ్ళాలని టెక్సస్ చట్టం చెబుతుంది. 75 ఉన్నచోట 55కు రావాలి. పరిమితి 25 కంటే తక్కువగా ఉండే వీధుల్లోనైతే 5 మైళ్ళ లోపు వేగంతో పాకాలి. 2023 సెప్టెంబరు నుంచి జరిమానా పెంచారు. మొదటిసారి పట్టుబడితే 1,250 డాలర్ల వరకు, మళ్ళీ పట్టుబడితే 2,000 వరకు పడవచ్చు. మనవాళ్ళు దీన్ని ‘మూవ్ ఓవర్’ (పక్కకు జరగండి) అనే అంటారు. అయితే ఆ జాబితాలో మాలాంటి సొంత కారు లేదు. ట్రూపర్ రాకముందు ఆ పాతిక నిమిషాలు మా కోసం లేన్ మారినవారిని ఏ చట్టమూ అడగలేదు, ఏ జరిమానా భయమూ వారికి లేదు. గట్టు మీద ఒక ముసలాయన, ఒక పసిపిల్ల నిలబడివున్నారన్న సంగతి కూడా వారికి తెలియదు. హజార్డ్ లైట్లు చూసి, అక్కడ మనుషులుంటారని తలచి, పక్కకు జరిగి, వెళ్ళిపోయారు. వారిలో తెలుగువారు కూడా ఉండే ఉంటారు. ఆ రోజు పేర్లాండ్ గుడిలో డాలస్ నుంచి వచ్చిన కుటుంబాలను మేము చాలా చూశాము. మీరు ఎవరైనా సరే, మీకు మా ఇంటిల్లిపాది నమస్కారం.

ఈ చట్టానికి మూలం ఒక అంబులెన్సు ఉద్యోగి అని తరువాత నేను తెలుసుకున్నాను. జేమ్స్ గార్సియా అనే పారామెడిక్, 1994లో దక్షిణ కరోలినాలోని లెక్సింగ్టన్‌లో ఒక ప్రమాదస్థలంలో పనిచేస్తుండగా వచ్చిన కారు ఆయనను గుద్దింది. రోడ్డు మీద సాయం చేస్తున్నవారికి రక్షణగా అప్పట్లో ఏ నిబంధనా లేకపోవడంతో, విచారణలో తప్పు ఆయనదేనని రాశారు. ఆయన దాన్ని అక్కడితో వదలకుండా పట్టుబట్టి తిరిగిన ఫలితంగా 1996లో ఆ రాష్ట్రంలో ఇలాంటి తొలి చట్టం వచ్చింది. తరువాత ఒక్కొక్క రాష్ట్రమే చేసుకుంటూ రాగా, 2012లో హవాయితో 50 రాష్ట్రాలూ పూర్తయ్యాయి. నా కుటుంబం క్షేమంగా ఉండడంలో ఆయన పాలు కూడా ఉందని నమ్ముతున్నాను, కాబట్టి ఆయనకు కూడా.

ఇక ట్రూపర్ గురించి. ఆయన తన కారును మా కారు వెనక చాలా దూరంగా, ముందుభాగం కొంచెం ఏటవాలుగా ఉండేలా ఆపారు. దిగుతూనే మా దగ్గరికి రాలేదు. ముందుగా ఎర్రటి ఫ్లేర్లు (హెచ్చరిక మంట కడ్డీలు) మూడు వెలిగించి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచి, ఒకదానికొకటి దూరంగా పెట్టి, అప్పుడు కుడి పక్క గడ్డిలో నుంచి నడుచుకుంటూ వచ్చారు. నాన్నగారు గార్డ్‌రైల్ అవతల నిలబెట్టిన తీరు చూసి, “మీలో ఈ పని తెలిసినవారు ఎవరు?” అని అడిగారు. నేను నాన్నగారిని చూపించి, ఇండియాలో బస్సు డ్రైవరుగా పనిచేశారని చెబితే, ఆయన టోపీ తీసి నాన్నగారికి చెయ్యి ఇచ్చారు. నాన్నగారు ఇప్పటికి ఆ సంగతి తెనాలికి ఎన్నిసార్లు ఫోన్ చేసి చెప్పారో లెక్కలేదు. టో ట్రక్కు వచ్చేదాకా ట్రూపర్ అక్కడే ఉన్నారు. ఆ తరువాత మా ఆవిడను, అమ్మాయిని కార్ సీటుతో సహా తన కారులో ఎక్కించుకుని బఫలో ఎగ్జిట్ దగ్గరున్న పెట్రోలు బంకులో దింపి వచ్చారు.

టో ట్రక్కు నడిపే పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. పేలిన టైరు రోడ్డు వైపే ఉంది కాబట్టి, కారును ట్రక్కు మీదికి లాగేముందు గొలుసు తగిలించడానికి ఆయన ఆ పక్కకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. నేను టార్చి పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు, గట్టు దిగవద్దన్నారు. ఆయన వీపు తెల్లగీత నుంచి రెండడుగుల దూరంలో ఉంది. నారింజ రంగు కోటు మీద మెరిసే పట్టీలు గ్రీజు మరకలతో సగం మాసిపోయి ఉన్నాయి. ఆయన ఒక చేత్తో గొలుసు బిగిస్తూనే, ప్రతి నాలుగు సెకన్లకూ తల తిప్పి వచ్చే లైట్ల వైపు చూసి, మళ్ళీ పనిలో పడుతున్నారు. అప్పుడు ఒక పికప్ కుడి లేన్ వదలకుండా, వేగం కూడా తగ్గించకుండా దూసుకుపోయింది. ఆయన చక్రానికి అతుక్కుపోయి, అది దాటాక లేచి, ఏమీ అనకుండా రెండో గొలుసు అందుకున్నారు. నాన్నగారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఊరికి వెళ్ళే దారిలో ఆ పెద్దాయన, ఇదే రోడ్డు మీద ఇదే పని చేస్తూ తన స్నేహితుడు చనిపోయాడని చెప్పారు. బీమా కంపెనీ తనకు డబ్బు ఇస్తుందని, మా దగ్గర అదనంగా ఏమీ తీసుకోనని అన్నారు. చివరికి నాన్నగారు పులిహోర డబ్బా చేతిలో పెడితే మాత్రం, గుడి ప్రసాదమని తెలుసుకుని, సీటు మీద జాగ్రత్తగా పెట్టుకున్నారు.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. ఈ దేశంలో తొమ్మిదేళ్ళుగా కారు నడుపుతున్నాను. లైసెన్సు పరీక్ష కోసం ఈ నిబంధనను బట్టీపట్టాను, పరీక్ష అయ్యాక వదిలేశాను. ముందున్న బండి తప్పుకుంటే నేనూ తప్పుకునేవాడిని. లేకపోతే ఎర్ర, నీలం లైట్లను కిటికీలో నుంచి చూస్తూ అదే లేన్‌లో పోయేవాడిని. అలా దాటిపోయిన ప్రతిసారీ అక్కడ ఒక మనిషి చక్రానికి అతుక్కుపోయి ఉంటాడని నాకు తట్టలేదు. ఆ మనుషులందరికీ ఈ పోస్టులో క్షమాపణ కూడా చెప్పుకుంటున్నాను.

మన దగ్గర నుంచి కొత్తగా వచ్చేవారు తికమకపడే సంగతి ఒకటుంది. వెనక నుంచి సైరన్ మోగించుకుంటూ వచ్చే బండికి దారి ఇవ్వడం వేరు, ఆగివున్న బండికి లేన్ వదలడం వేరు. సైరన్ వినిపిస్తే ఇక్కడ కుడి అంచుకు జరిగి, పూర్తిగా ఆపి, అది దాటాకే కదలాలి. మనకు ఎడమకు జరిగే అలవాటు కాబట్టి కంగారులో చెయ్యి అటే తిరుగుతుంది. ఆగివున్న బండి విషయంలో, అది కుడి షోల్డర్ మీద ఉంటే, మనం ఎడమకు జరగాలి. ఇండియాలో కూడా 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టంలో 194ఈ అనే సెక్షన్ చేరింది. అంబులెన్సుకో ఫైరింజనుకో దారి ఇవ్వకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నాన్నగారు మాత్రం 2005లో 108 బండ్లు వచ్చిన కొత్తలో, తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే ఇరుకు రోడ్డులో సైడ్ ఇవ్వడానికి చోటు లేక, బస్సు ఎడమ చక్రాలను మట్టిలోకి దింపి ఆపిన రోజులను గుర్తుచేసుకున్నారు. బస్సులో జనం ఒక్కరు కూడా విసుక్కునేవారు కాదట.

రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేస్తే, ఏమైందని కూడా పూర్తిగా వినకుండా ఫ్రిస్కో నుంచి రెండు గంటలకు పైగా నడుపుకుంటూ బఫలో దాకా వచ్చి, తెల్లవారుజామున మమ్మల్ని ఇంట్లో దింపి, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిన మిత్రుడికి, ఆ వేళ ఫ్లాస్కులో టీ, పిల్లకు దుప్పటి పెట్టి పంపిన వారి ఇంటావిడకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో నాకు తెలియదు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ట్రూపర్ పనిచేసే కార్యాలయానికి, టో ట్రక్కు పెద్దాయనకు నాన్నగారు ఆదివారం కూర్చుని తెల్లకాగితాల మీద తెలుగులో చెరొక ఉత్తరం రాశారు. తన చేతిరాత కూడా వారికి చేరాలని పట్టుబట్టడంతో, ఒక్కో ఉత్తరం కింద నేను ఇంగ్లీషు అనువాదం రాసి, సోమవారం ఉదయం రెండింటినీ పోస్టు చేశాను. కొత్త టైర్లు నాలుగూ ఆ సాయంత్రమే వేయించాను.