ఈద్ సెలవుకు రుజువు అడగకండి: కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నేను పుట్టుకతో ముస్లింను కాదు. పెద్దయ్యాక, బాగా ఆలోచించుకుని ఇస్లాం స్వీకరించాను. అమ్మానాన్నలు, తోబుట్టువులు తమ మతంలోనే ఉన్నారు. ముస్లింలు కొద్దిమందే ఉన్న దేశంలో ఉద్యోగం చేసుకుంటున్నాను. పేరు మార్చుకోలేదు. మంచి అర్థమున్న పేరును మార్చుకోమని ఇస్లాం అడగదు కూడా. అందుకే నా కాగితాలు ఎన్ని తిరగేసినా నేను ముస్లింనని ఎవరికీ తెలియదు.

రంజాన్ పండుగకు సెలవు అడిగితే ఆఫీసులో మొదట వచ్చిన ప్రశ్న "మీకెందుకు?" అని. ఆ వెంటనే "ముస్లిం అని సర్టిఫికెట్ ఏదైనా ఉందా?" అన్నారు. ముస్లిం ఇంట్లో పుట్టిన నా సహోద్యోగిని ఆ మాట ఎవరూ అడగలేదు. ఆయన పేరు చూసి సంతకం పెట్టేశారు. అడిగినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. వాళ్ల ముందున్న సెలవు నిబంధనల్లో మతం మారిన మనిషికి చోటు లేదు, అంతే.

మంత్రిగారూ, ఇస్లాంలోకి రావడానికి షహాదాను, అంటే అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని చెప్పే సాక్ష్య వాక్యాన్ని, మనస్ఫూర్తిగా నమ్మి పలికితే చాలు. ముద్రలు, రిజిస్టర్లు అక్కర్లేదు. హజ్ ప్రయాణం లాంటి అవసరాలకు కొన్ని మసీదులు పత్రం రాసిస్తాయి కానీ, అది లేనంత మాత్రాన ఎవరూ ముస్లిం కాకుండా పోరు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణంలో మతం మార్చుకునే స్వేచ్ఛ స్పష్టంగా రాసి ఉంది. పండుగలు పాటించడం కూడా ఆ స్వేచ్ఛలో భాగమేనని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లో వివరించింది. హక్కును వాడుకోవడానికి కొందరు మాత్రమే రుజువు తేవాలనడం న్యాయం కాదు.

పైగా ఈ పత్రం వెనక ఒక భయం ఉంది. మతం మారిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పుకోలేనివాళ్లు మాలో ఉన్నారు. ఆఫీసు ఫైల్లో ఒక కాగితం చేరితే ఆ మాట ఎవరి నోటినుంచి ఎక్కడికి పోతుందోనని వాళ్లకు టెన్షన్. అందుకని సెలవే అడగరు. పండుగ రోజు ఎప్పటిలాగే వచ్చి సీట్లో కూర్చుంటారు.

"పోనీ, మధ్యాహ్నం నుంచి హాఫ్ డే తీసుకోండి" అని దయతో చెప్పే అధికారులూ ఉన్నారు. వాళ్ల మంచితనాన్ని కాదనను. కానీ ఈద్ నమాజ్ సూర్యుడు కాస్త పైకొచ్చాక చేస్తారు, దాని సమయం మధ్యాహ్నంలోపే అయిపోతుంది. నమాజ్‌కి ముందే పేదలకు ఫిత్రా అనే పండుగ దానం చేరాలి. నమాజ్ తర్వాత ఇమామ్ ఖుత్బా, అంటే ప్రసంగం, ఇస్తారు. ఆపైన, ముందెన్నడూ చూడనివాళ్లు కూడా "ఈద్ ముబారక్" అంటూ ఆలింగనం చేసుకుంటారు. ముస్లిం కుటుంబంలో పుట్టినవారికి ఆ జమాత్ (సామూహిక నమాజ్) తప్పిపోవడం బాధే అయినా, సాయంత్రం ఇంటికి వెళ్తే ఇంటినిండా పండుగ ఉంటుంది. మాకు ఇంట్లో అది మామూలు రోజు. మా అమ్మ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుంది. ఆ రోజు ఏమిటో ఆమెకు తెలుసు, ఏమనాలో తెలియదు. ఆమె మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ నెలంతా తెల్లవారకముందే ఒంటరిగా సహర్ భోజనానికి లేచి, ఒంటరిగా ఉపవాసం విడిచిన మనిషికి నలుగురి మధ్య నిలబడే వేళ ఆ ఉదయం ఒక్కటే. మేం అడుగుతున్నది ఆ ఉదయమే.

ఇక తేదీ సంగతి. చాంద్రమాన నెలకు 29 రోజులో 30 రోజులో ఉంటాయి. ఏడాదికి 354 లేదా 355 రోజులు కాబట్టి పండుగ ఏటా సుమారు 10, 11 రోజులు ముందుగా వస్తుంది. 2000 సంవత్సరంలో రంజాన్ పండుగ జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి వచ్చింది. కొన్ని మసీదులు ఖగోళ లెక్కల ప్రకారం తేదీని ముందే చెబుతాయి, కొన్ని నెలవంక కనబడేదాకా ఆగుతాయి. రెండో పద్ధతి పాటించేవాళ్లకు తెల్లారితే పండుగో, ఇంకొక ఉపవాసమో ముందురోజు రాత్రి గానీ తేలదు. సెలవు ఫారం మాత్రం వారాల ముందే ఒక్క తేదీ రాయమంటుంది. రెండు తేదీలు రాసి, ముందురోజు రాత్రి ఒకటి ఖాయం చేసుకునే వీలిస్తే సరిపోతుంది. బక్రీద్‌తో ఈ చిక్కు లేదు. అది జుల్ హిజ్జా నెల పదో రోజు, ఆ నెల ఎప్పుడు మొదలైందో తేలగానే పండుగ తేదీ కూడా తేలుతుంది కాబట్టి వారం పైగా ముందే తెలిసిపోతుంది.

కాథలిక్కులు అత్యధికంగా ఉన్న ఫిలిప్పీన్స్ 2002లో చట్టం చేసి ఈదుల్ ఫితర్‌ను (రంజాన్ పండుగను) జాతీయ సెలవుగా ప్రకటించింది. ముస్లింలు మైనారిటీగా ఉన్న సింగపూర్ రెండు ఈద్‌లకూ సెలవు ఇస్తుంది. అంత పెద్ద కోరిక నేను కోరడం లేదు. మా వార్షిక సెలవుల్లోంచే ఆ రోజును తీసుకోండి, లేదా బదులుగా మరో పండుగ రోజు పనిచేయించుకోండి. సంతోషంగా చేస్తాం.

ఉద్యోగి నోటిమాటే చాలని, పేరు చూసి గానీ పత్రం అడిగి గానీ మతాన్ని నిర్ణయించకూడదని, అడిగిన సెలవు ఉదయం పూటకే ఇవ్వాలని, రెండు తేదీల దరఖాస్తును అంగీకరించాలని యాజమాన్యాలన్నిటికీ మీ శాఖ నుంచి రాతపూర్వక ఆదేశం వెళ్లాలి. వచ్చే రంజాన్ నెల మొదలయ్యేలోపు అది రావాలని నా విన్నపం. దీని మీద మీ అధికారులు మాతో మాట్లాడదలిస్తే నాలాంటివాళ్లం వస్తాం. వచ్చినవాళ్ల పేర్లు మాత్రం బయటపెట్టకండి.

ఇట్లు,
ఇస్లాం స్వీకరించిన ఒక ఉద్యోగి