డయాలసిస్ బెడ్ దగ్గర మనసు సంగతి కూడా అడగండి

సంపాదకులకు,

మన జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు పత్రికల్లోకి ఎక్కినప్పుడల్లా హిరమండలం నుంచి తెచ్చే తాగునీళ్లు, పలాసలో కట్టిన 200 పడకల ఆసుపత్రి, పింఛన్ల ప్రస్తావనే ఉంటుంది. అవన్నీ కావాల్సినవే. కానీ వారానికి మూడుసార్లు, వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు మెషిన్ పక్కన పడుకునే మనిషి లోపల ఎంత కుంగిపోతున్నాడో కనుక్కునే పద్ధతి ఒకటి డయాలసిస్ కేంద్రాల్లో ఉండాలి. దానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు.

నెలకోసారి ఎలాగూ హిమోగ్లోబిన్, పొటాషియం పరీక్షలు చేస్తారు. అదే రోజు రెండు ప్రశ్నలు అడగాలి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టు అనిపించిందా? ఎన్ని రోజులు అలా అనిపించిందన్నదాన్ని బట్టి ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే తొమ్మిది ప్రశ్నల పూర్తి పట్టిక నింపాలి. అందులో 10 గానీ అంతకు మించి గానీ వచ్చినవాళ్లను మానసిక వైద్యులకు చూపించాలి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు 'అవును' అంటే మాత్రం మొత్తం ఎంతొచ్చినా సరే, ఆ రోజే చూడాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అనవసరం.

ఇక్కడొక చిక్కుంది. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. హిమోగ్లోబిన్ 8కి పడిపోయిన మనిషి నీరసాన్ని మనోవ్యాధి అనుకుంటే పొరపాటే. రాత్రంతా కాళ్లు లాగుతున్నా, ఒళ్లు దురద పెడుతున్నా ముందు వాటికి మందివ్వాలి. అయితే మనదగ్గర ఎక్కువగా జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పొరపాటు: 'ఇంత జబ్బులో దిగులుండదా' అని వదిలేయడం.

ఎప్పుడు అడగాలన్నదీ ముఖ్యమే. మొదటి అరగంట సూదులు, లైన్ల హడావుడి. చివరి గంటలో బీపీ పడిపోయి కాళ్లు పట్టేస్తాయి. రెండో గంట మేలు. బెడ్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తెర లాగాలి, తోడొచ్చినవాళ్లను టీకి పంపాలి. 'నావల్ల ఇంటికి అప్పులు' అన్న మాట భార్య ఎదుటో కొడుకు ఎదుటో బయటికి రాదు.

డయాలసిస్‌కి రాకపోవడాన్ని, ఒంట్లో నీళ్లు చేరి నాలుగు కిలోల బరువు పెరిగి రావడాన్ని నిర్లక్ష్యమని నలుగురిలో కేకలేస్తే ఆ మనిషి వచ్చేసారి అసలే రాడు. పెరట్లో కొబ్బరిచెట్లున్నా ఒంట్లో పొటాషియం పెరుగుతుందన్న భయంతో బొండం నోట పెట్టకూడదు. రోజుకు తాగే నీళ్లు కొలిచి తాగాలి. అలా ఏళ్లు గడపడం సామాన్యం కాదు. ఎందుకు రాలేదో విడివిడిగా అడగాలి: బస్సు లేదా, కూలి పోతుందా, సూదంటే భయమా, బతకాలని లేదా? సూది భయానికి గుచ్చే ముందు 45 నిమిషాల నుంచి గంట వరకు తిమ్మిరి క్రీము రాసి ఉంచితే చాలామందికి సరిపోతుంది. చివరి కారణానికి కౌన్సెలింగ్, మందులు కావాలి.

మందుల దగ్గర జాగ్రత్త. నరాల నొప్పికీ దురదకీ ఇచ్చే గాబాపెంటిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. అందుకే తక్కువ మోతాదులో, డయాలసిస్ రోజున డయాలసిస్ అయ్యాక ఇస్తారు. మామూలు మోతాదు వేసుకుంటే మత్తు, తికమక మాటలు, ఒళ్లు ఎగిరిపడటం వస్తాయి. ఇంట్లోవాళ్లు మతి చలించిందనుకుంటారు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వాటిని కిడ్నీ డాక్టరుకు (నెఫ్రాలజిస్టుకు) చెప్పకుండా మొదలుపెట్టకూడదు, ఉన్నట్టుండి ఆపకూడదు.

అధికారులను కోరేది ఇదే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బందిని నెలకు రెండు రోజులు డయాలసిస్ కేంద్రాలకు పంపండి. ఒకటి సోమ, బుధ, శుక్రవారాల్లో, ఇంకొకటి మంగళ, గురు, శనివారాల్లో ఉండాలి. ఎప్పుడూ సోమవారమే వస్తే మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్‌కి వచ్చే బ్యాచ్‌వాళ్లు ఆ సిబ్బంది కంటపడరు. డయాలసిస్ మొదలైన తొలి మూడు నెలల్లో ఉన్నవాళ్లను ముందు చూడాలి. ఇరవై నాలుగు గంటలూ తెలుగులో ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి డయాలసిస్ కార్డు మీదా ముద్రించండి. తోడుగా వచ్చేవాళ్లకూ అది పనికొస్తుంది.

— డయాలసిస్ కేంద్రం నర్సింగ్ సిబ్బంది, శ్రీకాకుళం జిల్లా