తలసరి ఆదాయం చెప్పని సంగతులు

సంపాదకుడు గారికి,

బడ్జెట్ సమావేశాలు వచ్చాయంటే తలసరి ఆదాయంలో తెలంగాణ ఎంత ముందుందో ఏటా వింటున్నాం. 2014-15లో 1,24,104 రూపాయలు, 2024-25లో 3,79,751. పదేళ్లలో మూడింతలైందని చెబుతున్నారు. నిజమే, కానీ ఈ రెండూ ఏ ఏడాదివి ఆ ఏడాది ధరల్లో వేసిన అంకెలు. ధరల పెరుగుదల తీసేస్తే రెట్టింపు కూడా కాలేదు. ఆ మాత్రం పెరుగుదల కూడా తక్కువేమీ కాదు. దాన్నే చెప్పుకోవచ్చు కదా!

అసలు చిక్కు జిల్లాల పట్టికలో ఉంది. అందులో రంగారెడ్డిది మొదటి స్థానం, మా వికారాబాద్‌ది అట్టడుగు వరుస. 2016 అక్టోబరు దాకా మేమూ రంగారెడ్డి జిల్లావాళ్లమే. జిల్లాను విడదీసిన రోజున తాండూరులో ఎవరి కూలీ తగ్గలేదు, గచ్చిబౌలిలో ఎవరి జీతమూ పెరగలేదు. అయినా ఒక సగటు పైకి పోయింది, ఇంకొకటి కిందికి దిగింది. అంతకుముందు మాదాపూర్ కంపెనీల రాబడిని పరిగి, మర్పల్లి రైతుల తలకు కూడా పంచి చూపేవారు. పైగా సంస్థలు తమ దగ్గరే ఉంచుకునే లాభం కూడా ఈ ‘తలసరి’లో కలుస్తుంది. భాగించే జనాభా సంఖ్య 2011 జనగణన ఆధారంగా వేసిన అంచనా.

ప్రభుత్వమే ఈ సగటును నమ్మదని రేషన్ కార్డుల నిబంధన చూస్తే తెలుస్తుంది. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు మించకూడదు. 2025లో కొత్తవి ఇవ్వకముందే రాష్ట్రంలో దాదాపు 90 లక్షల కార్డులున్నాయి. తలసరి ఆదాయం ప్రకారం నలుగురున్న ఇంటికి ఏటా 15 లక్షలు రావాలి! కార్డుల్లో అనర్హులూ ఉంటారు, ఒప్పుకుంటాను. అంతమందీ అనర్హులేనా?

కేంద్రం జరిపిన 2022-23 గృహ వినియోగ సర్వేలో తెలంగాణ గ్రామాల్లో ఒక్కొక్కరి నెల ఖర్చు 4,802 రూపాయలుగా తేలింది. ఏడాదికి 57,624. అదే ఏడాది రాష్ట్ర తలసరి ఆదాయం 3 లక్షలు దాటింది. ఖర్చూ ఆదాయమూ ఒకటి కావు, పట్నం రాబడి వేరు, సంపన్నులు సర్వేలకు సరిగా చిక్కరు కూడా. అయినా పల్లె బతుకు ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను ఆ ఖర్చు అంకెనే చూస్తాను.

వచ్చే సామాజిక ఆర్థిక నివేదికలో ప్రతి జిల్లా తలసరి ఆదాయం పక్కన కుటుంబ ఖర్చు మధ్యగతాన్ని, అంటే సరిగ్గా మధ్యన నిలిచే ఇంటి ఖర్చును, ధరల పెరుగుదల తీసేసిన వ్యవసాయ కూలి రేట్లను కూడా ప్రచురించాలని ప్రణాళిక శాఖను కోరుతున్నాను. జిల్లాల వారీగా ఆ వివరాలు లేకపోతే సేకరించాలి. నిధుల పంపకానికి తలసరి ఆదాయం కంటే అవే మెరుగైన ఆధారం.

— ఒక పాఠకుడు, తాండూరు, వికారాబాద్ జిల్లా